ఊపిరిని గమనించుట పాపమా?



2023వ సంవత్సరము వర్షాకాలములో మా సంఘమునకు చెందిన ఒక యౌవనుడు హైదరాబాదు నుండి నాకు ఫోను చేసెను. నేను ఇరువదియారు సంవత్సరములుగా సంఘసేవలో ఉన్నాను. ఈ కాలములో అనేకులు నన్ను అనేకమైన ప్రశ్నలు అడిగియున్నారు. అయితే అతడు అడిగిన దానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని.

"అయ్యగారూ, పది రోజులు ప్రార్థన బందు పెడితే దేవుడు నన్ను విడిచిపెడతడా?" అని అతడు అడిగెను.

"ఎందుకు బందు పెట్టాలె నాయనా?" అంటిని.

"నాకు నిద్ర వస్తలేదు. ఈడ ధ్యానం నేర్పే చోటు ఒకటి ఉన్నదట. ఆడికి పోయొస్తే మనసు కుదుటపడ్తదని రూములో ఉండే అన్న చెప్పిండు. కాని ఆడున్నన్ని రోజులు ప్రార్థన చేయొద్దని నియమమట" అని చెప్పి అతడు ఊరకుండెను. ఆ ఊరకుండుటలో నేను ప్రశ్నకంటె పెద్ద సంగతిని వింటిని. మరునాటి ఉదయమున మొదటి బస్సు ఎక్కితిని.

మా ఊరు నల్లగొండ జిల్లాలోనిది. ఎల్.బి.నగరులో బస్సు దిగి మెట్రో రైలెక్కితిని. ఖైరతాబాదు, ఇర్రం మంజిల్, పంజాగుట్ట దాటగానే అమీర్‌పేట వచ్చెను. రెండు మెట్రో మార్గములు అక్కడ కలియును గనుక, పత్తి మార్కెట్టులో బండ్లు ఒక్కసారిగా దిగినట్టు జనము దిగుచుండిరి. మైత్రీవనము చుట్టునున్న సందులలో గోడ కనబడకుండ బోర్డులున్నవి. కంప్యూటరు కోర్సులు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు దుకాణములు. మన జిల్లాలన్నిటి నుండి తల్లిదండ్రులు తమ బిడ్డలను ఈ సందులలోనికి పంపుచున్నారు. ఏ ఊరి బస్సు ఎక్కినను అమీర్‌పేటలో చదివి ఉద్యోగము సంపాదించినవాని కథ వినబడును. సంపాదింపలేకపోయినవాని కథను ఎవరును చెప్పరు.

ఆ యౌవనుని గదిలో నాలుగు మంచములున్నవి, ఒకటే కిటికీ యున్నది. ఆ కిటికీ పక్క మేడగోడ వైపునకు తెరచుకొనును. తండ్రి రెండెకరముల పొలమును తాకట్టుపెట్టి పంపెను. కోర్సు ముగిసినది. మూడు ఇంటర్వ్యూలు పోయినవి. రెండు మాసములుగా నిద్ర లేదు. అన్నము నోటికి పోవుట లేదు. "రాత్రి పండుకుంటే అవే మాటలు మళ్ల మళ్ల వస్తయి అయ్యగారూ. నాయిన అప్పు. పోయిన ఇంటర్వ్యూ. చెల్లె పెండ్లి. మళ్ల నాయిన అప్పు" అని అతడు చెప్పెను.

ఇక్కడ మీకు నా తప్పిదమొకటి చెప్పుకొనవలసియున్నది. చెప్పుకొనక ముందుకు పోవుట న్యాయము కాదు.

2011వ సంవత్సరములో మా సంఘములోని ఒక తల్లి తన బిడ్డను పోగొట్టుకొనెను. ఆరు మాసములైనను ఆమె పొయ్యి దగ్గర కూర్చుండి గోడను చూచుచుండెను. ఆమె భర్త నన్ను పిలువగా పోయితిని. పోయి ఏమి చేసితిని? నిలువబడియే వాక్యము చెప్పితిని. "విశ్వాసము చాలదమ్మా. ప్రార్థన పెంచవలెను. ఇంతగా దుఃఖించుట నిరీక్షణ లేనివారి గుర్తు" అని బుద్ధి చెప్పి, వేరొక ఇంట ప్రార్థన యున్నదని వెళ్లిపోతిని. ఆమె ఆ దినమునుండి గుడికి వచ్చుట మానెను. పిదప ఆమె భర్త పట్టణములో వైద్యునికి చూపించెను. ఒక సంవత్సరమునకు ఆమె కోలుకొనెను. తిరిగి గుడికి వచ్చినప్పుడు వెనుక వరుసలో ద్వారము దగ్గర కూర్చుండెను. నేటికిని అక్కడనే కూర్చుండును.

యోబు స్నేహితుల సంగతి మీరెరుగుదురు. వారు మొదట వచ్చి ఏడు దినములు అతనితోకూడ నేలమీద ఊరక కూర్చుండిరి. నోరు తెరచిన తరువాతనే వారు తప్పిరి. నేను ఆ ఏడు దినములను విడిచిపెట్టి, నేరుగా వారి ఉపన్యాసము దగ్గరనే ఆరంభించితిని. కావున అమీర్‌పేట గదిలో ఈ యౌవనుడు మాటలాడుచుండగా నేను మంచము మీద కూర్చుండి నోరు మూసికొంటిని. అతడు చెప్పుచున్న ధ్యానమేమిటో తెలిసికొనకుండ మంచిదనిగాని చెడ్డదనిగాని తీర్పు చెప్పకూడదని నిశ్చయించుకొంటిని. తరువాత నేను చదివి, విచారించి, తెలిసికొన్నదానిని మీ ముందర ఉంచుచున్నాను.

ఆ ధ్యానమునకు విపశ్యన అని పేరు. పాళీ భాషలో విపస్సన అందురు. ఇది బౌద్ధుల సాధన. మన దేశమునకు క్రొత్తదని తలంపకుడి. మన నాగార్జునకొండ మీదను, సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీదను, కృష్ణ ఒడ్డున అమరావతిలోను ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించిరి. మన పొలముల మధ్య వారి విహారముల ఇటుకలు నేటికిని కనబడుచున్నవి.

ఈ కాలమున ఆ సాధనను మన దేశములో విస్తరింపజేసినవాడు సత్యనారాయణ గోయెంకా. ఆయన 1924లో బర్మాలోని మాండలేలో మార్వాడీ వర్తకుల కుటుంబమున పుట్టెను. తీవ్రమైన తలనొప్పితో ఏండ్ల తరబడి బాధపడి, 1955లో రంగూనులో ఊ బా ఖిన్ అను ఉపదేశకుని యొద్దకు పోయెను. ఆ ఊ బా ఖిన్ సన్న్యాసి కాడు, సంసారి. స్వతంత్ర బర్మా ప్రభుత్వములో అకౌంటెంటు జనరలుగా పనిచేసినవాడు. తలనొప్పి పోగొట్టుకొనుటకే వచ్చినయెడల నిన్ను చేర్చుకొననని ఆయన మొదట చెప్పెనట. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడి. మరల దీని యొద్దకు వచ్చెదము. గోయెంకా 1969లో భారతదేశమునకు వచ్చి నేర్పనారంభించెను. 1976లో హైదరాబాదులో నాగార్జునసాగరు రోడ్డు మీద వనస్థలిపురము అవతల ధమ్మఖేత్త అను కేంద్రము ఏర్పడెను. 2013లో గోయెంకా మరణించెను గాని ఆ కేంద్రములో ఇప్పటికిని పది దినముల శిక్షణ జరుగుచున్నది. నేను బస్సు దిగిన ఎల్.బి.నగరు నుండియే ఆ రోడ్డు పట్టుకొని పోవలెను.

అక్కడ రుసుము లేదు. ముందు నేర్చుకొన్నవారి కానుకలతో అది జరుగును. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవవలెను. తోటివారితో మాటలాడకూడదు. చంపకుండుట, దొంగిలకుండుట, బ్రహ్మచర్యము పాటించుట, అబద్ధమాడకుండుట, మత్తు ముట్టకుండుట అను ఐదు నియమములను కైకొనవలెను. మొదటి మూడు దినములకు పైగా ఒక్కటే పని. ముక్కు దగ్గర ఊపిరి వచ్చుట, పోవుట గమనించుట. ఊపిరిని బిగబట్టనక్కరలేదు, మంత్రము చెప్పనక్కరలేదు. మనస్సు ఎక్కడికైనను పోయినప్పుడు, కోపపడక, మరల ఊపిరి దగ్గరకు తెచ్చుకొనవలెను. తరువాత దేహమంతట తెలియుచున్న నొప్పిని, దురదను, వేడిని, చల్లదనమును అట్లే గమనింపవలెను. పుట్టునదంతయు పోవునదే యని అనుభవముతో ఎరుగవలెనని వారి బోధ.

ఇది బాధపడు మనస్సునకు ఏలాగు మేలుచేయును? గొడ్లు మేపు మీకు దీనిని చెప్పుట కష్టము కాదు. ఆవు మేసిన గడ్డిని మరల నోటికి తెచ్చుకొని నెమరువేయును. అది ఆవునకు ఆరోగ్యము. అయితే దిగులుపడిన మనుష్యుడును నెమరువేయును. నాయిన అప్పు, పోయిన ఇంటర్వ్యూ, చెల్లె పెండ్లి, మరల నాయిన అప్పు. ఈ నెమరు జీర్ణము కాదు, నమలిన కొలది విషమగును. ఊపిరిని గమనించువాడు ఈ నెమరును గుర్తుపట్టుట నేర్చుకొనును. "నేను పనికిరానివాడను" అను తలంపు వచ్చినప్పుడు దాని వెంట పోక, "ఇదిగో, ఒక తలంపు వచ్చినది" అని చూచును. మంచె మీద కావలివాడు ఎగిరిపోవు ప్రతి పిట్ట వెంబడి పరుగెత్తడు గదా! తలంపు వచ్చుట ఒకటి, ఆ తలంపు నిజమగుట వేరొకటి. ఈ రెంటి మధ్య కొంచెము ఎడము దొరికినను, బాధపడువానికి అది పెద్ద ఊరట.

వైద్యులు దీనిని పరీక్షింపకుండ విడువలేదు. 1979లో అమెరికా దేశములో మసాచుసెట్సు విశ్వవిద్యాలయపు వైద్యశాలలో జాన్ కబాట్-జిన్ అను ఆయన, బౌద్ధ సాధనలోని ఈ భాగమును మతబోధ లేకుండ కొన్ని వారముల శిక్షణగా చేసి, తీరని నొప్పులతో వచ్చువారికి నేర్పెను. 2000వ సంవత్సరములో టీస్‌డేల్, సెగల్, విలియమ్స్ అను పరిశోధకులు, వెనుక కుంగుబాటు జబ్బుపడి లేచిన 145 మందిని పరీక్షించి ఫలితము ప్రకటించిరి. మూడు సార్లకు తక్కువ కాకుండ ఆ జబ్బుపడినవారిలో, మామూలు వైద్యము మాత్రమే పొందినవారికి నూటికి 66 మందికి జబ్బు తిరుగబెట్టెను. దానితోపాటు ఈ ఎరుక శిక్షణ కూడ పొందినవారిలో నూటికి 37 మందికి మాత్రమే తిరుగబెట్టెను. రెండు సార్లే జబ్బుపడినవారికి అట్టి మేలు కనబడలేదు. 2022లో అమెరికా వైద్యులు ఆందోళన జబ్బుగల 276 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు ఈ ఎనిమిది వారముల శిక్షణయు, రెండవ గుంపునకు ఆ జబ్బునకు వాడుకలో ఉన్న ఒక మాత్రయు ఇచ్చిరి. శిక్షణ మాత్రకు తీసిపోలేదు.

ఇది ఒక వైపు. రెండవ వైపు చెప్పనియెడల నేను సంతలో మందు అమ్మువానివంటివాడనగుదును. 2014లో 47 పరీక్షలను, 3,515 మంది సంగతులను కలిపి చూచినవారు, ధ్యానము వలన దిగులును ఆందోళనయు కొంత తగ్గుచున్నవని ఒప్పుకొనిరి గాని, మందుకంటెను వ్యాయామముకంటెను మరి యే చికిత్సకంటెను అది మేలైనదనుటకు ఆధారము దొరకలేదనిరి. 2022లో ఇంగ్లండు దేశపు బడులలో 8,000కు పైగా పిల్లలతో చేసిన పెద్ద పరీక్షలో, తరగతి మొత్తమునకు దీనిని నేర్పినందువలన పిల్లల దిగులు తగ్గలేదు. మరియు కొందరికి ఈ సాధనలో భయము పెరుగుట, నిద్ర చెడుట, పాత గాయములు రేగుట కలుగుచున్నవని పరిశోధకులు వ్రాసియున్నారు. తీవ్రమైన మానసిక వ్యాధి గలవారు పది దినముల శిక్షణకు రాకుండుట మంచిదని విపశ్యన కేంద్రములవారే చెప్పుచున్నారు. వారి యథార్థతను మెచ్చుకొనవలెను.

ఇక మన ప్రశ్నకు వచ్చెదము. ఊపిరిని గమనించుట పాపమా?

ఏలీయా ప్రవక్తను జ్ఞాపకము చేసికొనుడి. కర్మెలు కొండ మీద జయము పొందిన ఆ మహానుభావుడే, ఒక బెదిరింపు మాటకు అరణ్యములోనికి పారిపోయి, చెట్టు క్రింద కూర్చుండి, చావు కోరుకొనెను. దేవుడు అతని యొద్దకు దూతను పంపెను. దూత ప్రసంగము చేయలేదు, నీ విశ్వాసమేమాయెనని గద్దింపలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టెను బుడ్డిలో నీళ్లను చూపెను. అతడు తిని, త్రాగి, మరల పండుకొనెను. దూత రెండవసారి వచ్చి మరల తినుమనెను. దేవుని మెల్లని స్వరము వినబడినది ఆ తరువాత, చాల దినముల నడక తరువాత. నిద్రయు ఆహారమును ఊపిరియు ఆత్మకు శత్రువులు కావు. అవి ఆయన ఇచ్చినవే. ఊపిరి బౌద్ధులది కాదు, క్రైస్తవులది కాదు. నేలమంటి నరుని నాసికారంధ్రములలో ఊదినవాడు దానిని అందరికిని ఇచ్చెను. తూర్పు దేశపు ప్రాచీన సంఘములలోని తపస్వులు కూడ యేసు నామమును ఊపిరితో కలిపి నెమ్మదిగా ప్రార్థించు అలవాటు గలిగియుండిరి.

అయితే నేర్పువాడు వేరొక మార్గమువాడు గదా అందురేమో. యెరికో త్రోవలో పడియున్న ఆ మనుష్యుని అడుగుడి. అతని గాయములలో నూనెయు ద్రాక్షారసమును పోసినది సమరయుడు. "నీ ఆరాధన ఏ కొండ మీద?" అని విచారించి, జవాబు చెప్పిన తరువాతనే కట్టు కట్టించుకొనుట అతని వలన కాకపోయెను. సమరయుని చేతి నూనెను పుచ్చుకొన్నందున అతడు సమరయుడు కాలేదు. అయితే సమరయుని దూషించు హక్కు మాత్రము ఆ దినముతో పోయెను. మేలు పొందినవాడు మేలు చేసినవాని పేరు దాచకూడదు. ఈ సాధనను పుచ్చుకొని, ఇది మన గ్రంథములోనిదే యని పేరు మార్చి చెప్పుట దొంగతనము.

అట్లని రెండును ఒకటే యని నేను చెప్పను. బౌద్ధుడు తన సాధన చివర ప్రార్థింపబడు ఒక తండ్రిని వెదకడు. "నేను" అను దాని నిలుకడ లేనితనమును చూచి, ఆశను విడిచి, విముక్తి పొందవలెనని అతని యుద్దేశము. మనకు ప్రార్థన యనగా ఎరుక మాత్రమే కాదు, ఒకరితో మాటలాడుట. ఊ బా ఖిన్ తలనొప్పి కొరకు వచ్చినవానిని మొదట వెనుకకు పంపుటలోని నిజాయితీ ఇదియే. నా మార్గము జీవితమంతటిని గూర్చినది, దీనిని తలనొప్పి మాత్రగా చేయకుమని ఆయన యర్థము. కావున మన ముందర నున్నవి రెండు వస్తువులు. ఒకటి, వైద్యులు రోగికి నేర్పు ఊపిరి అభ్యాసము. అది కుంటువాని చేతికర్రవంటిది. పుచ్చుకొనుటకు ఎవని అనుమతియు అక్కరలేదు. రెండవది, పది దినముల మౌనముతోను నియమములతోను కూడిన బౌద్ధ సాధన. అది ఒకరి ఇల్లు. ఇంటిలోనికి పోవువాడు ఎక్కడికి పోవుచున్నాడో ఎరిగి పోవలెను.

ఆ యౌవనుని ప్రశ్న ఈ రెండవదానిని గూర్చినది. మంచము మీద కూర్చుండి నేనతనికి చెప్పినది ఇది. అప్పటికి నాకు ఈ లెక్కలేవియు తెలియవు. అతని గదివాడు తన ఫోనులో చూపిన ఆ కేంద్రము నియమములను చదివియుంటిని, అంతే.

"నాయనా, ప్రార్థన మానుమని నియమము పెట్టినవారిని తప్పుపట్టకుము. ఇతర మార్గములను నిందించుటకు కాదు, తమ సాధనను కలగాపులగము చేయక పరీక్షించి చూడుమనుటకే యని వారే వ్రాసియున్నారు. రెండు మందులు కలిపి మ్రింగినవానికి ఏది పనిచేసెనో తెలియదు గదా. అయితే వారి అన్నము తినుచు, వారి నియమమును చాటుగా మీరుట మన ధర్మము కాదు. పోయిన యెడల నియమము నిలుపుకొనుము. నీ మనస్సాక్షి ఒప్పుకొననియెడల పోకుము. పౌలు విగ్రహములకు అర్పించిన మాంసమును గూర్చి కొరింథువారికి వ్రాసినప్పుడు, తెలిసినవానికి స్వాతంత్ర్యమున్నదని ఒప్పుకొనెను గాని, నొచ్చుకొను మనస్సాక్షిని త్రొక్కవద్దని హెచ్చరించెను. నీవు ఈ ప్రశ్న నన్ను అడిగితివనగా నీ మనస్సాక్షి ఇంకను ఒప్పుకొనలేదు."

"మరి దేవుడు విడిచిపెడతడా?" అని అతడు మరల అడిగెను.

"జ్వరము వచ్చి మాటలాడలేని బిడ్డను తల్లి విడిచిపోవునా? నీవు పలుకలేని దినములలోను ఆయన నీ ఊపిరి వినును. ఈ భయము పెట్టుకొనకుము" అంటిని.

ప్రియులారా, నా సొంత కుమారుడైనచో పది దినములు ప్రార్థన మానుటకు సంతోషముతో పంపుదునా అని మీరడిగితే, పంపలేనేమో. ఆ పోరాటము నాలో తీరినదని నటింపను. అయితే ఆ దినమున తేల్చవలసినది అది కాదు. రెండు మాసములు నిద్ర లేనివాడు, చావు మాట మనస్సులో మెదలుచున్నదని నాకు మెల్లగా చెప్పినవాడు, ఏకాంత మౌనమునకు పోవలసినవాడు కాడు. వైద్యుని యొద్దకు పోవలసినవాడు.

అమీర్‌పేట స్టేషను మెట్ల మీద నిలిచినప్పుడు నాకొక సంగతి తోచెను. ఒక వైపు రైలెక్కితే తరువాతి స్టేషను పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ఆసుపత్రి యున్నది. గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు వచ్చిన మన పల్లెవారు అప్పు చేసియైనను అక్కడికి పోవుదురు. ఊరంతయు పోయి చూచివచ్చును, సంఘము ప్రార్థన పెట్టును, కానుక పట్టును. రెండవ వైపు ఎక్కితే మూడవ స్టేషను ఎర్రగడ్డ. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయము ఉన్నది. ఆ ఊరి పేరే మన నోట తిట్టు. "వానిని ఎర్రగడ్డకు పంపాలె" అని నవ్వుదుము. పంజాగుట్టకు పోయినవానికి పండ్లు పట్టుకొనిపోవు మనము, ఎర్రగడ్డకు పోయినవాని ఇంటి సంబంధము తప్పించుకొందుము. రెండింటి మధ్య నాలుగు స్టేషన్ల దూరము. గుండెను చేసినవాడే మనస్సును చేసెను గదా! ఒకదాని జబ్బునకు కానుక పట్టి, రెండవదాని జబ్బునకు నవ్వుటకు మనకెవరు అధికారమిచ్చిరి?

మేము ఎర్రగడ్డ వైపు రైలెక్కితిమి. ఎవరైన ఊరివారు చూచెదరేమోనని అతడు తల వంచుకొనియుండెను. అతనికంటె ముందు నేనే దిగితిని. వైద్యుడు ఓపికతో విని, మందు వ్రాసి, వారమునకు ఒకసారి రమ్మనెను. మాట సాయము చేయు ఒక సోదరి అతనికి పది నిమిషములు ఊపిరిని గమనించు అభ్యాసము నేర్పెను. అందులో ప్రార్థన మానుమను నియమము లేదు, చేయుమను నియమమును లేదు.

అయితే పని అంతటితో తీరలేదు. ఊపిరి గమనించినంత మాత్రమున తాకట్టు విడువదు. ఎద్దు మెడ మీద మోయలేని కాడి పెట్టి, నెమ్మదిగా ఊపిరి తీసికొమ్మని ఎద్దునకు నేర్పుట అన్యాయము. బుద్ధుడును తన శిష్యులకు ఎరుక మాత్రమే చెప్పలేదు, శీలమును కరుణను కూడ చెప్పెను. భారము పెట్టినవారు భారము దించవలెను. నేను ఊరికి తిరిగి వచ్చి అతని తండ్రితో మాటలాడితిని. ఆయన చాలసేపు నేల చూచి, "అప్పు నాది. వానిది కాదు. పిల్లగాన్ని ఇంటికి రమ్మని చెప్పుండ్రి" అనెను. ఆ మాటను ఫోనులో విన్న రాత్రి అతడు నాలుగు గంటలు నిద్రించెనట. మందు పనిచేసెనో, ఊపిరి పనిచేసెనో, తండ్రి మాట పనిచేసెనో నేను విడదీసి చెప్పలేను. విడదీయుటకు నేను వైద్యుడను కాను. అతడు ఇప్పుడు మా మండల కేంద్రములో చిన్న ఉద్యోగము చేయుచున్నాడు. రాత్రివేళ ఇంకను కొన్ని దినములు కష్టముగానే యుండునని చెప్పును. అప్పుడు లేచి కూర్చుండి పది నిమిషములు ఊపిరిని గమనించి, తరువాత ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకొని పండుకొనునట.

కావున చదువరులారా, మీ సంఘములలో ఈ నాలుగు సంగతులు విచారించుడి. మొదటిది, దిగులుతో కుంగినవానిని విశ్వాసహీనుడని పిలువకుడి. రెండవది, నిద్రయు తిండియు మాని, చావు మాట పలుకువానిని ఒంటరిగా విడువక, వైద్యుని యొద్దకు మీరే తోడుపోవుడి. పోవుటకు ముందు మాటలాడుటకైన ఎవరును లేనియెడల, 2022 అక్టోబరులో ప్రభుత్వము పెట్టిన టెలి-మానస్ అను సహాయము ఉన్నది. 14416 అను నంబరునకు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. మూడవది, ఊపిరిని గమనించు అభ్యాసమును మంచి వైద్యుడు నేర్పినయెడల భయపడక నేర్చుకొనుడి. దానిని కాపాడి అందించిన బౌద్ధులను గౌరవించుడి. అది సమస్తమును తీర్చునని ఎవరైన అమ్మజూపినయెడల నమ్మకుడి. నాలుగవది, మీ పిల్లల మీద మీరు పెట్టిన భారము ఎంతయో ఒకసారి తూచి చూడుడి.

ఇంకొక మాట చెప్పి ముగింతును. హైదరాబాదు నుండి వచ్చిన ఆ వారమే నేను వెనుక వరుసలో కూర్చుండు ఆ తల్లి ఇంటికి పోయి, పన్నెండు సంవత్సరముల క్రిందటి నా మాటలకు క్షమాపణ అడిగితిని. ఆమె కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత, "అప్పుడు మీరు జర సేపు ఊకె కూసున్నా సాలుండె, అయ్యగారూ" అనెను.

ఆ పొయ్యి దగ్గర ఆ దినమున నేను కూర్చుండియుంటే సాయంకాలమగును. అంతే గదా! నాకు తీరిక లేకపోయెను. మీ వీధిలో గోడను చూచుచు కూర్చున్నవారు ఈ వారము ఎవరైన ఉన్నారేమో చూడుడి. ఉన్నయెడల పోయి కూర్చుండుడి. మాటలు దొరకనియెడల చింత లేదు. వారితోకూడ ఊపిరి తీసికొనుచు ఊరక కూర్చుండుడి.